మన చర్చిని చూసి మనమే నవ్వుకుంటే పాపమా?

ప్రశ్న:

మాస్టారికి వందనాలు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 25 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా చర్చిలో సండే స్కూలు చెబుతాను, యవనస్తుల కూటమిలో ఉన్నాను. నిరుడు సెమీ క్రిస్మస్‌కి నేను రాసిన స్కిట్ వేశాం. పరలోకం నుంచి ఒక దేవదూత పల్లెటూరి చర్చికి ఇన్‌స్పెక్షన్‌కి వస్తాడు. మైకులు, ఫ్లెక్సీలు, ప్రకటనలు, అందరి చేతుల్లో ఫోన్లు చూసి తికమకపడతాడు. చివర్లో ఒక అవ్వ ప్రార్థన మొదలుపెడుతుంది, అది అయ్యేసరికి దూత నిద్రపోతాడు. జనం పడీపడీ నవ్వారు. తర్వాతి ఆదివారం సంఘ పెద్దల్లో ఒకాయన లేచి మొదటి కీర్తన చదివి, అపహాసకులు కూర్చునే చోట కూర్చోవద్దని మాకు బుద్ధి చెప్పారు. ఎలీషాని వెక్కిరించిన పిల్లల్ని ఎలుగుబంట్లు చీల్చేసిన కథ కూడా గుర్తుచేశారు. ‘సరసోక్తులు మీకు తగవు’ అని పౌలు రాశాడు కదా అన్నారు. పాస్టరు అయ్యగారు ఏమీ అనలేదు. చర్చి ట్రెజరర్‌గా ఉన్న మా నాన్నగారు తల దించుకుని కూర్చున్నారు. స్కిట్‌లో అవ్వ పాత్ర మా వీధిలో ఉండే ఒకావిడని చూసి రాసిందే. అప్పట్నుంచీ ఆవిడ స్త్రీల కూటానికి సరిగ్గా రావడం లేదట. ఈ ఏడు కూడా రాయమని పిల్లలు వెంటపడుతున్నారు. నాకు సంబంధాలు చూస్తున్నారు, అందుకని అమ్మకి ఒకటే టెన్షన్. దేవుని మందిరం మీద హాస్యం రాయడం పాపమా? మానెయ్యమంటారా?

సమాధానం:

అమ్మా,

ముందు ఎలుగుబంట్ల సంగతి తేల్చేద్దాం, మీ అమ్మగారికి నిద్ర పట్టాలి కదా.

రాజుల రెండో గ్రంథం 2వ అధ్యాయంలో ఆ కథ ఉంది. బేతేలుకు వెళ్ళే దారిలో పిల్లలు ఎలీషాని బోడివాడా అని ఏడిపించారు. అడవిలోంచి రెండు ఆడ ఎలుగుబంట్లు వచ్చి 42 మందిని చీల్చాయి. చదవడానికి కష్టంగా ఉండే భాగం అది. దాన్ని నేను తేలిక చెయ్యను. కానీ మీ పెద్దాయన ఒకటి గమనించినట్టు లేదు. ఆ పిల్లలు ఎలీషా ప్రసంగం సాగదీశాడని అనలేదు, కానుకలు గట్టిగా అడిగాడనీ అనలేదు. ఆయన బట్టతల చూసి నవ్వారు. నీ స్కిట్‌లో మైకుకీ ఫ్లెక్సీకీ ఈ కథ వర్తించదు. ఇంకోదానికి వర్తిస్తుంది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

మొదటి కీర్తనలోని అపహాసకుడు ఎవరో కూడా బైబిల్లోనే ఉంది. సామెతలు 9వ అధ్యాయం తీసి చూడు. అపహాసకుణ్ణి గద్దిస్తే వాడు నిన్ను ద్వేషిస్తాడు, జ్ఞానిని గద్దిస్తే ప్రేమిస్తాడు అని ఉంటుంది. అంటే దిద్దుబాటు అంటే గిట్టనివాడు అపహాసకుడు. నువ్వేమో ఒక తిట్టు తిని, ఏడాది పాటు దాన్ని మనసులో మోసి, నేను చేసింది తప్పా అని ఉత్తరం రాశావు. మరి ఆ ఆదివారం దిద్దుబాటు గిట్టక లేచి నిలబడింది ఎవరో నేను చెప్పను. ఆయన పెద్దమనిషి.

పౌలు ఎఫెసీయులకు రాసిన మాటకు ముందు వెనకలు చూడాలి. అక్కడ వరుసగా జారత్వం, అపవిత్రత, లోభం గురించి చెప్పి, ఆ వరుసలోనే బూతులు, పోకిరి మాటలు, సరసోక్తులు వద్దన్నాడు. ఆ రకం హాస్యం రికార్డింగ్ డాన్సుల స్టేజీ మీద చూస్తూనే ఉంటాం. దేవదూత మైకు సౌండుకి చెవులు మూసుకోవడం ఆ కోవలోకి రాదు. పౌలే గలతీయులకు రాసిన ఉత్తరంలో సున్నతి గురించి సంఘాన్ని కలవరపెడుతున్నవాళ్ళ మీద ఎంత ఘాటైన మాట విసిరాడో 5వ అధ్యాయం 12వ వచనంలో చదువుకో. ఈ పత్రికలో నేను రాయలేను.

నిజానికి బైబిల్లో ఉన్నంత నవ్వు మన చర్చిల్లో లేదు. కర్మెలు పర్వతం మీద బయలు అనే దేవుడి ప్రవక్తలు పొద్దుటినుంచీ గంతులేస్తుంటే, మధ్యాహ్నం అయ్యేసరికి ఏలీయా మొదలుపెట్టాడు. ఇంకా గట్టిగా అరవండయ్యా, మీ దేవుడు ధ్యానంలో ఉన్నాడేమో, ప్రయాణంలో ఉన్నాడేమో, నిద్రపోతున్నాడేమో లేపాలి కదా అని. ఇది అచ్చం మన గోదావరి జిల్లాల వెటకారం. పాలకొల్లు బస్టాండులో నిలబడి అన్నట్టే ఉంటుంది. యోనాని చూడు. లక్షా ఇరవై వేల పైచిలుకు జనం ఉన్న ఊరు నాశనం కాలేదని అలిగి కూర్చుని, నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోయిందని చచ్చిపోతానంటాడు. ప్రవక్త మీద ఇంత జోకు రాసి దాన్ని ప్రవక్తల గ్రంథాల్లోనే పెట్టుకున్నారు ఆ జనం.

చర్చి మీద జోకు కావాలంటే అపొస్తలుల కార్యాలు 12వ అధ్యాయం. పేతురు జైల్లో ఉన్నాడు. విశ్వాసులంతా ఒక ఇంట్లో చేరి ఆసక్తిగా ప్రార్థన చేస్తున్నారు. దూత వచ్చి పేతురుని విడిపించాడు. అతను తిన్నగా ఆ ఇంటికే వచ్చి తలుపు కొట్టాడు. రొదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తియ్యడం మర్చిపోయి లోపలికి పరుగెత్తి పేతురు వచ్చాడని చెప్పింది. ప్రార్థన చేస్తున్న పెద్దలంతా ఏమన్నారు? నీకు పిచ్చి పట్టిందన్నారు. వాళ్ళు దేని కోసం ప్రార్థన చేస్తున్నారో అది గుమ్మం బయట నిలబడి తలుపు కొడుతూనే ఉంది. ప్రార్థన కూటాల మీద ఇంతకంటే మంచి స్కిట్ నువ్వూ రాయలేవు, నేనూ రాయలేను. పైగా ఆ ఇంట్లో సరిగ్గా విన్నది ఒక్క పనిపిల్లే అని ఆ పుస్తకం రాసిన లూకా చెప్పకుండా చెప్పాడు.

మీ పెద్దాయన లూథరన్ చర్చిలో పెరిగినవారైతే ఇంకో మాట చెప్పొచ్చు. ఏటా అక్టోబర్ 31న సంస్కరణ దినం చేస్తారు కదా. 1517లో జర్మనీ సన్యాసి మార్టిన్ లూథర్ రాసిన 95 వాదాల్లో 86వది చదవమను. అప్పట్లో రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి పాపక్షమాపణ పత్రాలు అమ్ముతున్నారు. ‘పోపుగారు అందరికంటే ధనవంతుడు కదా, పేద విశ్వాసుల డబ్బుతో కాకుండా సొంత డబ్బుతో ఆ ఒక్క చర్చి ఎందుకు కట్టకూడదు?’ అని సారాంశం. దీన్ని లూథర్ తన ప్రశ్నగా పెట్టలేదు, మామూలు జనం అడుగుతున్న గడుసు ప్రశ్నగా పెట్టాడు. సంతలో జనం వేసుకున్న జోకుని తీసుకెళ్ళి పండితుల ముందు పెట్టాడన్నమాట. మన డెల్టాలో సగం చర్చిలు ఏదో రకంగా ఆ ప్రశ్నకు వారసులే.

ఆ దేశాల్లోనే నవ్వు చెడిపోయిన సంగతి కూడా ఉంది. జర్మనీలో బవేరియా వైపు ఈస్టర్ రోజున పాదిరీలు ప్రసంగంలో జోకులు చెప్పి జనాన్ని నవ్వించే ఆచారం ఉండేది. పునరుత్థానం సంతోషం కదా, సాతాను ఓడిపోయాడు కదా, నవ్వండి అని. మంచి ఆలోచనే. పోనుపోను అది బూతు కథల్లోకీ పక్షుల కూతల్లోకీ దిగింది. 1518 నాటికే దాన్ని తప్పుపడుతూ రాసినవాళ్ళున్నారు. తర్వాత పెద్దలు ఆపించారు. చెడగొట్టుకున్నది నవ్వించేవాళ్ళే.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు: పాపం కాదు. మానెయ్యకు.

ఇప్పుడు నీ స్కిట్. మైకు ఘట్టం ఉంచు, ఇంకా పెంచు. అది అడగదగిన ప్రశ్న. నేను పాలకొల్లు వైపు బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ సహవాసంలో పెరిగినవాణ్ణి. మా వైపు సువార్త వచ్చిన కథ చిన్నప్పుడు కంఠతా చెప్పించేవారు. 1836లో మిషనరీ గ్రోవ్స్ గారి వెంట ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డాయి. అలా మొదలైందే గోదావరి డెల్టా మిషన్. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో, అంటే 1847 నుంచి 1852 మధ్య, అక్కడ చేరిన వేలమంది కూలీల మధ్య బోధించారు. రాళ్ళు కొట్టే చప్పుడు, అరుపులు, గోదావరి గాలి. మైకు లేదు. అయినా విన్నవాళ్ళు విన్నారు. ఇప్పుడు నలభై మంది పట్టే రేకుల షెడ్డుకి నాలుగు సౌండు బాక్సులు, గోడ బయట రెండు హారన్లు. లోపలివాళ్ళకి వినబడదేమోనని భయమా, బయటివాళ్ళు వినకుండా తప్పించుకుంటారేమోనని పట్టుదలా? దూత చేత ఈ ప్రశ్న అడిగించు.

చట్టం సంగతి కూడా దూత జేబులో పెట్టు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకులు మోగించకూడదు. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. పక్కవాళ్ళ ప్రశాంతత పాడుచేస్తూ ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదన్నారు. అది చెన్నైలో ఒక చర్చి మైకు మీద, డ్రమ్ముల మీద వచ్చిన కేసే. మన కేసే అన్నమాట. కోర్టు చెప్పినా వినం అనేవాళ్ళకి సామెతలు 27వ అధ్యాయం 14వ వచనం వినిపించు. తెల్లవారుజామునే లేచి పెద్ద గొంతుతో స్నేహితుణ్ణి దీవిస్తే ఆ దీవెన శాపంగా ఎంచబడుతుందని సొలొమోను ముందే చెప్పాడు. ఆయన రోజుల్లో కూడా ఎవరో పక్కింటాయన ఉండే ఉంటాడు.

ఫ్లెక్సీల దగ్గర కాస్త ఆగి ఆలోచించు. మే నెలలో అమలాపురం సెంటర్లో, చెమటకి చొక్కా ఒంటికి అంటుకుపోయే ఎండలో, సూటూ బూటూ నల్లకళ్ళద్దాలతో ఫ్లెక్సీ ఎక్కే దైవజనుడున్నాడు. పేరుకు ముందు డాక్టర్, అపొస్తలుడు, అంతర్జాతీయ సువార్తికుడు. యేసుప్రభువు బొమ్మ మూలన పోస్టల్ స్టాంపంత. ఆయన మీద రాయి, మొహమాటపడకు. అయితే కాలువగట్టు మీద తాటాకుల పాకలో పదిహేను మంది కూలీలకు వాక్యం చెప్పే పాస్టరు కూడా కోటు వేసుకుంటాడు. ఎవరో ఇచ్చిన పాత కోటు, భుజాలు జారుతూ ఉంటుంది. ఊళ్ళో కుర్చీ ఇవ్వని మనిషి ఆదివారం పూట ఆ కోటు వేసుకుని నిలబడతాడు. స్టేజీ మీద ఇద్దరి కోట్లూ ఒకేలా కనబడతాయి. దూత ఎవరి కోటు చూసి నవ్వుతున్నాడో నీ డైలాగులో తెలిసిపోవాలి. తెలియకపోతే ఆ ఘట్టం తీసెయ్.

ఇక అవ్వ.

నీ ఉత్తరంలో పెద్దాయన కోపం గురించి మూడు వాక్యాలున్నాయి. ఆవిడ గురించి చివర్లో, ‘రావడం లేదట’ అని ఒక్క మాట. నువ్వు వెళ్ళి చూడలేదని ఆ ‘అట’లోనే తెలిసిపోతోంది. పెద్దాయన చదివిన వచనాలు పొరపాటు చోట చదివారు. కానీ ఏదో తప్పు జరిగిందని ఆయనకీ, నోరు విప్పని మీ అయ్యగారికీ, తల దించుకున్న మీ నాన్నగారికీ అనిపించి ఉంటుంది. అది మైకు వల్ల కాదని నా అనుమానం.

ఆవిడ ప్రార్థన పొడుగే అనుకుందాం. ఎందుకు పొడుగో ఆలోచించావా? ఆ వయసు ఆడవాళ్ళు మన వైపు ఎలా బతికారో నీకు తెలుసు. ఊడ్పులు, కలుపులు, కోతలు, కొబ్బరి ఒలుపుల దగ్గర పని, ఇంటికొస్తే మళ్ళీ పని. పంచాయతీలో వాళ్ళ మాట ఎవరూ అడగలేదు, ఇంట్లో మొగుడు అడగలేదు, ఇప్పుడు కొడుకులు ఫోన్లోంచి తలెత్తరు. ‘అమ్మా మీరు ప్రార్థన చెయ్యండి’ అని ఎవరైనా అన్న చోటు ఈ భూమ్మీద ఒక్క చర్చే. అక్కడ పది నిమిషాలు ఆవిడ మాట్లాడితే అడ్డుచెప్పేవాళ్ళు లేరు. వీధిలో ఉన్నవాళ్ళందరి పేర్లూ వరసగా చెబుతుంది. కువైట్ వెళ్ళినవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు. అందులో నీ పేరు కూడా ఉండే ఉంటుంది, టీచరు ఉద్యోగం వచ్చేదాకా. ఆవిడ గొంతునీ యాసనీ చెయ్యి ఊపే తీరునీ మీరు స్టేజీ మీద దించేశారు. జనం పడీపడీ నవ్వింది అక్కడే అయితే, వాళ్ళు నవ్వింది ప్రార్థనల మీద కాదు, ఎవరో తెలిసిన మనిషి మీద. బోడివాడా అన్న పిల్లల కథ వర్తించేది ఇక్కడే.

పొడుగు ప్రార్థనల మీద రాయొద్దని కాదు. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువే వద్దన్నాడు. కానీ మన చర్చిల్లో ఇంకో రకం పొడుగు ఉంది, దాన్ని పట్టుకో. ‘తండ్రీ, వచ్చే గురువారం సాయంత్రం 6 గంటలకు ఫలానా సహోదరుని ఇంటి దగ్గర కూటం ఉన్న సంగతి నీకు తెలుసు ప్రభువా, అందరూ బైబిళ్ళు తెచ్చుకోవాలని నీకు తెలుసు ప్రభువా, పోయినసారి కొందరు ఆలస్యంగా వచ్చిన విషయం కూడా నీకు తెలుసు ప్రభువా.’ ఇది దేవుడికి చేసే ప్రార్థనా, కళ్ళు మూసుకున్నవాళ్ళకి చేసే ప్రకటనా? దూతని పరలోకం నోటీసుబోర్డు దగ్గర నిలబెట్టి ఇవన్నీ రాయించు. ఇంకొకటుంది. ‘ప్రార్థన చెయ్యడానికే చెబుతున్నాను వదినా, ఎవరితోనూ అనకు’ అని మొదలయ్యే ప్రార్థన మనవి. మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది. ప్రార్థన మాత్రం ఎవరూ చెయ్యరు.

ఆవిడ ఇంటికి వెళ్ళు. ఈ ఏడు స్కిట్ మొదటి పేజీ రాయకముందే వెళ్ళు. టీముని వెంటబెట్టుకుని వెళ్ళొద్దు, అది ఊరేగింపు అయిపోతుంది. ‘మీకు బాధ కలిగితే క్షమించండి’ అనే వాక్యం అసలు వాడొద్దు, అందులో తప్పు ఆవిడ బాధది అవుతుంది. మిమ్మల్ని చూసి ఆ పాత్ర రాశాను, రాయకుండా ఉండాల్సింది అని చెప్పు. ఆవిడ తిడితే తిట్టించుకో. నేనసలు ఏమీ అనుకోలేదమ్మా అంటే నమ్మకు, మళ్ళీ ఇంకోసారి వెళ్ళు. ఈసారి స్కిట్‌లో మీరు కూడా వెయ్యండి అని అప్పుడే అడగొద్దు. అది నీ మనసు తేలికపడటానికే తప్ప ఆవిడకి ఏం మేలు చెయ్యదు.

స్కిట్‌కి ఈ ఏడు సరుకు నేనిస్తాను. ఇవి ఎవరి మనసూ కోసే రకం కాదు.

డిసెంబర్ 31 రాత్రి బైబిల్ వచనాలు అచ్చేసిన వాగ్దాన కార్డులు తీసే ఘట్టం పెట్టు. పళ్ళెంలో వంద కార్డులుంటాయి, అన్నీ ఆశీర్వాదాలే. ‘తన సిలువ నెత్తికొని’ అన్న మాట ఒక్క కార్డు మీదా ఉండదు. ఏ ప్రెస్సువాడూ అచ్చెయ్యడు, అచ్చేసినా ఎవరూ తియ్యరు. అందరికీ ఇష్టమైన కార్డు యిర్మీయా 29:11. మిమ్మల్ని గురించి నేను ఉద్దేశించిన సంగతులు నేనెరుగుదును, అవి సమాధానకరమైనవే అని. ఉద్యోగం వస్తుందని ఒకరు, వీసా వస్తుందని ఒకరు దాన్ని గోడకి అంటించుకుంటారు. అది బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం. ఒక్క వచనం వెనక్కెళ్ళి చూస్తే 70 ఏళ్ళు అక్కడే ఉండాలని ఉంటుంది. మీ దూత ఆ కార్డు తీసినవాడికి చెయ్యి కలిపి, శుభాకాంక్షలు, 70 ఏళ్ళు ఓపిక పట్టండి అంటే ఎలా ఉంటుంది?

కోత పండుగ వేలం ఇంకోటి. మందిరంలో నిమ్మకాయని ఐదొందలకి పాడిన పెద్దమనిషి, మర్నాడు సంతలో వంకాయలమ్మే ముసలమ్మతో రెండు రూపాయల దగ్గర అరగంట బేరం ఆడతాడు. రెండు చోట్లా దూత వెనకాలే నిలబడి లెక్క రాసుకుంటూ ఉండాలి. డైలాగు కూడా అక్కర్లేదు. అలాగే కాలువ బాప్తిస్మాలు. వేసవిలో ఇరిగేషన్ వాళ్ళు మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు. ఆ తేదీ దగ్గరపడుతున్న కొద్దీ కొందరికి ఆత్మల భారం ఎక్కువైపోతుంది. నీళ్ళు ఉండగానే ముంచెయ్యాలి మరి. చిలకరించే చర్చిలవాళ్ళు మాకు ఆ ఇబ్బంది లేదని నవ్వుకుంటారు, వాళ్ళకి ఒక చెంబు చాలు. ఇందులో మా బ్రదరన్‌వాళ్ళనీ వదలొద్దు.

అన్నిటికంటే ముందు మీ యవనస్తుల మీద రాయి. ఫోన్లో బైబిల్ యాప్ తెరిచి, పైనుంచి మెసేజ్ జారగానే కీర్తనల్లోంచి ఇన్‌స్టాలోకి జారిపోయే వేళ్ళు. పురుషోత్తమ చౌదరి గారి పాత కీర్తనకి రాగం, తాళం పుస్తకంలో పైనే అచ్చువేసి ఉంటే, అది విలాపమో స్తుతో చూడకుండా ప్యాడ్స్ మీద ఒకే దరువు వేసే కుర్రాడు. సాక్ష్యానికి ముందు పౌడరు రాసుకునే పిల్ల. నిరుడు దూత పెద్దవాళ్ళనే ఇన్‌స్పెక్షన్ చేశాడు. ఈసారి రాసిన టీచర్నే పిలిచి హాజరు అడగనియ్. రచయిత్రి తన్ని తాను స్టేజీ ఎక్కించుకున్నాక పెద్దాయనకి కూడా కాస్త చోటు దొరుకుతుంది.

స్కిట్ అనే పద్ధతి కంటే నాకు బుర్రకథ ఇష్టం. మన దగ్గర బైబిల్ కథల్ని బుర్రకథలుగా చెప్పే అలవాటు పాతదే. కథకుడికి ఇద్దరు వంతలుంటారు. ఒకడు ఊళ్ళో సంగతులు చెబుతాడు, రెండోవాడు హాస్యగాడు. హాస్యగాడు అర్థం కానట్టు అడుగుతాడు, తప్పుగా అర్థం చేసుకుంటాడు, అందరికంటే తనే వెర్రివాడుగా నిలబడతాడు. వాడు ఏమన్నా జనం ఊరుకుంటారు. పైనుంచి దిగొచ్చి తీర్పు చెప్పే దేవదూతకి ఆ సౌకర్యం లేదు. నీ కథకుడు పేతురు జైలు కథ చెబుతుంటే, హాస్యగాడు ‘ఆగండాగండి, మరి తలుపెందుకు తియ్యలేదు?’ అని అడిగితే చాలు, సగం పని అయిపోతుంది. పిల్లలకి తంబురా, గుమ్మెట పట్టుకునే పని కూడా దొరుకుతుంది.

ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. మన చర్చిల్లో చాలామందికి మందిరంలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు ఉంటాయి. దాని మీద బయట జోకులు చాలానే తిరుగుతుంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరించారు, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సీలోకి వస్తారు. పిల్లవాడి చదువుకీ, బాప్తిస్మం పేరుకీ మధ్య ఒక తల్లి పడే నలుగుబాటు అది. నవ్వే చోటు కాదు. చర్చిల్లోనే కులాన్ని బట్టి వేరు వేరు బెంచీలు, వేరు వేరు మందిరాలు, సంబంధాలు చూసేటప్పుడు మాత్రం ‘మనవాళ్ళేనా’ అనే ప్రశ్న, వీటి మీద మాత్రం రాయొచ్చు, రాయాలి కూడా. ఎలా రాయాలో నీకు ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది. తొందరపడకు.

స్వస్థత సభలో మాట విని షుగరు మాత్రలో ఇన్సులినో మానేసినవాళ్ళు ఎవరైనా మీ ఊళ్ళో ఉంటే, వాళ్ళ మీద కూడా స్కిట్ వద్దు. వాళ్ళని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ మాట చెప్పినవాడికి మొహం మీదే చెప్పండి.

వీడియో గురించి. ఎవరో ఒకరు తీస్తారు, నువ్వు ఆపలేవు. అందులోంచి ఇరవై సెకన్లు కత్తిరించి, మనమంటే గిట్టనివాళ్ళ గ్రూపుల్లో తిప్పుతారు. లోపల మన నవ్వు ఒకటి, బయట వాళ్ళ నవ్వు ఒకటి. దానికి భయపడి రాయడం మానేస్తే చర్చి ఎప్పటికీ ఫ్లెక్సీ మీద ఉన్నట్టే ఉండిపోతుంది. అందుకని ప్రతి ఘట్టాన్నీ రాశాక ముందూ వెనకా లేకుండా ఆ ముక్క ఒక్కటే చూస్తే ఎలా ఉంటుందో మీ అమ్మగారికి చదివి వినిపించు. ఆవిడకి టెన్షన్ వచ్చిన చోట కాస్త ఆగి చూడు. ఆవిడ నవ్వి, తర్వాత ‘అయ్యో వద్దులేవే’ అన్న చోట్లు మాత్రం ఉంచెయ్.

కానుకల లెక్కల మీద ఈ ఏడు ఏమీ రాయొద్దు. అందులో తప్పుందని కాదు. ట్రెజరర్ కూతురు రాస్తే మీ నాన్నగారు నవ్వలేరు, నవ్వకుండా ఉండలేరు. అయ్యగారికి స్క్రిప్టు ముందే ఇవ్వు. ఒక్కో డైలాగుకీ అనుమతి అడగొద్దు, ఇది వేస్తున్నాం, మీ గురించి ఉన్న చోట చూడండి అని ఇవ్వు. నిరుడు ఆయన ఏమీ అనకపోవడం నీకు భయంగా అనిపించి ఉంటుంది. అసలు అడగనివాళ్ళకి ఎవరైనా ఏం చెబుతారు? అయ్యగారి భార్య అమ్మగారికి కూడా చూపించు, ఎక్కడ నవ్వొస్తుందో ఆవిడకే బాగా తెలుస్తుంది. పెద్దాయన దగ్గరికి మాత్రం వచనాల జాబితాతో వెళ్ళొద్దు. పైన నేను రాసినవన్నీ నీ ధైర్యానికి, ఆయన్ని ఓడించడానికి కాదు. కోత పండుగ వేలంలో పాటగాడి పాత్ర ఆయన్నే వెయ్యమని అడుగు. వేస్తారని నేను హామీ ఇవ్వలేను.

పెళ్ళి సంగతి. స్కిట్ రాసిందని వెనక్కి వెళ్ళే సంబంధం వెనక్కి వెళ్ళనివ్వమని మీ అమ్మగారితో నా మాటగా చెప్పు. ఆవిడ నన్ను తిట్టుకుంటారు, పర్లేదు.

ఒక సంగతి మర్చిపోయాను. మొత్తం పదిహేను నిమిషాలు దాటనివ్వకు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే ఐతుకు అనే కుర్రాడు మూడో అంతస్తు కిటికీలోంచి నిద్రలో కింద పడ్డాడు. పౌలు దిగి వెళ్ళి, వాడు బతికే ఉన్నాడని చూపించి, పైకొచ్చి రొట్టె విరిచి తిని తెల్లవారేదాకా మళ్ళీ మాట్లాడాడు. ఆయన పౌలు గనక చెల్లింది. మీ తర్వాత వర్తమానం ఉంటుంది, ఆ తర్వాత పలావు ఉంటుంది, వండినవాళ్ళు వడ్డించడానికి ఎదురుచూస్తుంటారు.